నలుగురి ప్రయోగానికి ఒక్క రిపోర్టు చాలు

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,
డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ, కొత్తగూడెం.



మీ యూనివర్సిటీ పేరు మాకు కొత్తేగానీ చోటు కొత్తది కాదు. ఏన్కూరు నుంచి జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం బస్సెక్కే పిల్లలు దాన్ని ఇంకా ‘స్కూల్ ఆఫ్ మైన్స్’ అనే అంటారు. కాకతీయ యూనివర్సిటీ కాలేజీగా ఏళ్లతరబడి నడిచిన ఆ ఆవరణ 2025లో తానే యూనివర్సిటీ అయింది. అంటే ల్యాబులో ఏం చేయాలో, దేనికి ఎన్ని మార్కులో ఇకమీదట ఎవరో రాసి పంపితే పాటించనక్కర్లేదు. మీరే రాసుకోవచ్చు. ఈ ఉత్తరం ఇంకెవరికో పంపకుండా మీకే రాయడానికి కారణం అదే.

నేను అడిగేది చిన్న మార్పు. ల్యాబులో నలుగురు కలిసి చేసిన ప్రయోగానికి ఆ నలుగురినీ కలిసి ఒకే రిపోర్టు రాయనివ్వండి. నాలుగు రికార్డులు వద్దు.

నేను సివిల్ ఇంజనీరుని. కాంట్రాక్టు పనుల్లో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. దసరాకో సంక్రాంతికో ఇంజనీరింగు చదివే మా పిల్లలు ఇంటికొస్తే బట్టల సంచీతోపాటు రికార్డుల మోత కూడా వస్తుంది. పొద్దున పత్తి చేలోకో మిరప తోటలోకో పోయి, మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని రికార్డు రాస్తారు. రాయడమంటే దించడమే. సీనియర్ రికార్డు ఒకటి నడుమ పెట్టుకుంటారు. ఎడమవైపు తెల్ల కాయితం మీద పెన్సిల్‌తో బొమ్మ, కుడివైపు గీతల కాయితం మీద ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్. చివర్లో ‘హెన్స్’ అని మొదలయ్యే ఒక్క వాక్యం. ఆ సీనియర్ దాన్ని తన సీనియర్ దగ్గర దించాడు. కొన్ని రికార్డుల్లో ల్యాబులో లేని మిషన్ బొమ్మ కూడా కనిపిస్తుంది. పాతది తుక్కు కిందికి పోయి కొత్తది వచ్చినా బొమ్మ మాత్రం మారలేదు.

ఒక రోజు వాళ్ల అబ్జర్వేషన్ బుక్కు, ఫెయిర్ రికార్డు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కాంక్రీటు క్యూబుల పరీక్ష. 150 మిల్లీమీటర్ల క్యూబులు మూడు, ఎం20 మిక్సు, 28 రోజులు నీళ్లలో నానబెట్టి మిషన్ కింద పెట్టి పగలగొట్టారు. అబ్జర్వేషన్ బుక్కులో పెన్సిల్‌తో వరసగా 430, 610, 560 కిలోన్యూటన్లు అని ఉంది. ఫెయిర్ రికార్డులో 560, 565, 570. బ్యాచ్‌లో నలుగురి రికార్డుల్లోనూ అవే అంకెలు, అదే సగటు, అదే ఎర్ర ఇంకు టిక్కు, అదే సంతకం.

“430 ఎటు పోయిందిరా?” అన్నాను.

“అది తేడాగా వచ్చింది బాబాయ్. అట్లనే రాస్తే సార్ మళ్లీ రాసుకు రమ్మంటాడు.”

నిజానికి ఆ ప్రయోగం మొత్తంలో చూడాల్సిన అంకె ఆ 430 ఒక్కటే. లెక్క కట్టండి. మూడు క్యూబుల బలం చదరపు మిల్లీమీటరుకు 19.1, 27.1, 24.9 న్యూటన్లు వస్తుంది. సగటు 23.7. ఐఎస్ 456 ప్రకారం ఒక నమూనాలోని మూడు క్యూబుల్లో ఏదీ సగటుకు 15 శాతానికి మించి అటూఇటూ పోకూడదు, పోతే ఆ నమూనా ఫలితమే చెల్లదు. ఇక్కడ కింది హద్దు దాదాపు 20.1. మొదటి క్యూబు దాని కింద పడింది. అంటే పిల్లలు రాయాల్సింది ‘ఈ నమూనా చెల్లదు, కారణం ఫలానా కావచ్చు’ అని. ఇంతకంటే మంచి రిపోర్టు ఆ సెమిస్టరులో వాళ్లు రాయగలిగి ఉండేవాళ్లు కాదు. అది వదిలేసి 560, 565, 570 వండారు. సైటులో పనిచేసినవాడికి ఎవడికైనా ఆ మూడంకెలు చూడగానే అనుమానం వస్తుంది. చేత్తో పోసిన కాంక్రీటు అంత బుద్ధిగా ఉండదు.

కారణం ఏమై ఉంటుందని అడిగితే ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగోవాడు, వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ, కొంచెం ఆగి చెప్పాడు: “ఫస్ట్ క్యూబు పెట్టినప్పుడు తాపీతో చదును చేసిన మొహం పైకి ఉంది బాబాయ్. తర్వాత రెండూ పక్కకి తిప్పి పెట్టాం.” వాడు చూశాడు. క్యూబు పోసినప్పుడు పైకి ఉన్న ముఖం మోల్డుకు ఆనిన ముఖాల్లాగా నున్నగా ఉండదు. అందుకే పోతకు పక్కన ఉన్న ముఖాల మీదే భారం పడాలని ఐఎస్ 516 చెబుతుంది. ఎగుడుదిగుడు ముఖం మీద భారం ఒకేచోట పడి క్యూబు ముందుగానే పగులుతుంది. కారణం అదేనని నేను ప్రమాణం చేయలేను. కానీ వాడు చూసింది రిపోర్టులో ఉండాలి. నాలుగు రికార్డుల్లో ఎక్కడా లేదు, ఆఖరికి వాడి రికార్డులో కూడా. ప్రొసీజర్ దించేటప్పుడు తాను చూసింది రాసుకునే ఖాళీ జాగా వాడికి ఎక్కడుంది?

అదే నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒకే కాయితం మీద రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. లెక్క చేసేవాడు 430 దగ్గర ఆగేవాడు. ఎందుకిట్లా వచ్చిందని అడిగేవాడు. మేస్త్రీ కొడుకు నోరు తెరిచేవాడు. ఇంగ్లిషు బాగా వచ్చిన పిల్ల దాన్ని వాక్యంలో పెట్టేది. మిగిలినవాడు ‘అట్లా కాదు, మిషన్ లోడు మనం గబగబా పెంచాం, అది కూడా రాయి’ అనేవాడు. కలిసి రాయడమంటే నేను అనుకునేది ఈ వాదులాట. ఒకడు రాసింది ముగ్గురు దించుకోవడాన్ని సహకారం అనలేం. ఇప్పుడు మన ల్యాబుల్లో ప్రయోగం కలిసి చేయిస్తాం, రాత మాత్రం విడివిడిగా రాయమంటాం. దాని ఫలితంగా రాతే కలిసిపోతోంది, ఆలోచన ఎవరిది వాళ్ల దగ్గరే ఉండిపోతోంది.

మన చుట్టుపక్కల చాలా కాలేజీలు పాటించే జేఎన్‌టీయూహెచ్ ఆర్22 నిబంధనల్లో ల్యాబుకు 100 మార్కులు. 40 లోపలి మూల్యాంకనానికి, 60 సెమిస్టరు చివరి పరీక్షకు. ఆ 40లోనూ రోజువారీ రాతకు మార్కులున్నాయి, కాబట్టి నిబంధనకు రాత విలువ తెలియదని అనను. చిక్కంతా ఆచరణలో వస్తోంది. వారానికి 60 రికార్డులు దిద్దాల్సిన లెక్చరరు ఏం చేస్తారు? పేజీ తిప్పి, గ్రాఫు ఉందా లేదా చూసి, టిక్కు పెట్టి సంతకం చేస్తారు. ఆయన్ని తప్పుపట్టలేను. అదే బ్యాచ్‌కి ఒకటి చొప్పున 15 రిపోర్టులైతే కూర్చుని చదవొచ్చు. ‘ఈ అంకె ఎలా వచ్చింది’ అని మార్జిన్‌లో ఒక ప్రశ్న రాయొచ్చు.

ఇంకో సంగతి నాకు నవ్వు తెప్పిస్తుంది. 2014 జూన్‌లో ఇంజనీరింగు డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో మన దేశం పూర్తి సభ్యత్వం పొందింది. దానికి తగ్గట్టు ఎన్‌బీఏ గుర్తింపు కోరే ప్రతి కాలేజీ తన పట్టభద్రులకు బృందంలో పనిచేయడం వచ్చునని, రిపోర్టులు చక్కగా రాయడం వచ్చునని చూపించాలి. ఫైళ్లు తిరగేస్తే ప్రతి ల్యాబు కోర్సుకీ ఎదురుగా ఆ రెండు నైపుణ్యాల గడుల్లో 2, 3 అని మార్కింగు ఉంటుంది. బృందంగా రాసిన కాయితం మాత్రం ఒక్కటీ కనపడదు. ఆ గడులు నిజం కావాలంటే కొత్తగా కొనాల్సింది కూడా ఏమీ లేదు, నాలుగు కుర్చీలు, ఒక బల్ల.

గనుల చదువుకు నిలయమైన మీ దగ్గర ఈ మాట ఇంకా తేలిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం. సింగరేణి బొగ్గు కంపెనీకి పేరిచ్చిన ఊరు మా పక్క మండలంలోదే. 1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. ఆయన చూసింది కాయితం మీద పెట్టి పైవాళ్లకు అందించకపోతే ఆ రాళ్లు ఆయనకొక్కడికే తెలిసి ఉండేవి. ఇప్పటికీ ఇల్లందులో బొగ్గు పొర ఒకటి కింగ్ సీమ్ అనే పేరుతోనే ఉంది.

ఇక గని లోపలి సంగతి మీకు నేను చెప్పాలా? షిఫ్టు దిగిన మైనింగ్ సర్దారు గనిలో తనకు అప్పజెప్పిన భాగంలో కప్పు ఎట్లా ఉంది, గాలి ఎట్లా ఆడుతోంది, వాయువు ఎంత తగిలింది పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పుస్తకం బైండు చేసి, పేజీలకు నంబర్లు వేసి ఉంటుంది. నచ్చని పేజీ చింపి ఫెయిర్ చేసే వీలు లేదు. తర్వాతి షిఫ్టువాళ్లు దాన్ని నమ్ముకుని లోపలికి దిగుతారు. ఆ పుస్తకంలో ‘430 తేడాగా ఉంది, 560 రాద్దాం’ అనుకుంటే ఏమవుతుందో సింగరేణి కాలనీల్లో పెరిగిన ఏ పిల్లాడైనా చెబుతాడు. అలాంటి పుస్తకం రాయబోయే మనిషికి మనం నాలుగేళ్లు ఫెయిర్ రికార్డు అలవాటు చేసి పంపిస్తున్నాం.

మీ రాక్ మెకానిక్స్ ల్యాబులో కాంక్రీటు క్యూబు స్థానంలో ఇసుకరాయి కోరు ఉంటుంది. మిషన్ తీరు ఒకటే. గోదావరి లోయ ఇసుకరాయి కాంక్రీటుకంటే కూడా మొండిది. ఒకే బోరులోంచి పక్కపక్కన తీసిన రెండు ముక్కలు ఒకేలా పగలవు. ఒకదాంట్లో పొర అడ్డంగా పోతుంది, ఇంకోదాంట్లో కంటికి కనపడని చీలిక ఉంటుంది. అంకెలు కలవకపోవడమే అక్కడ పాఠం. పగిలిన ముక్కని నలుగురూ చేతిలోకి తీసుకుని పగులు ఏ కోణంలో పోయిందో చూసి, మాట్లాడుకుని రాయాల్సిన విషయం అది. ఫోటో తీసి రిపోర్టులో అంటించమనండి. పెన్సిల్ బొమ్మల కాలం పోయింది.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది అందరూ అనేదే: ఒకడు రాస్తాడు, ముగ్గురు సంతకం పెట్టి బండెక్కి కూర్చుంటారు. నిజమే, కొందరు కూర్చుంటారు. ఇప్పుడైతే ఒకడు కూడా రాయకుండానే నలుగురూ కూర్చుంటున్నారు గదా. అయినా దీనికి మందు వైవాలోనే ఉంది. ఎవరు ఏ భాగం రాశారో రిపోర్టు మీద పేరుతో సహా ఉండాలి. వైవాలో మాత్రం ప్రతి ఒక్కరినీ తాను రాయని భాగం గురించి అడగండి. లెక్కలు చేసినవాణ్ని మిషన్ ఎలా సెట్ చేశారని అడగండి. మిషన్ దగ్గర నిలబడ్డ పిల్లను సగటు ఎందుకు చెల్లదని అడగండి. ఒక్క సెమిస్టరు ఇలా జరిగితే పక్కవాడు రాసింది చదవకుండా ఎవరూ సంతకం పెట్టరు. పనులు వారంవారం మారాలి. లేకపోతే ఆడపిల్లలకు రాత, మగపిల్లలకు మిషన్ అని వాళ్లంతట వాళ్లే పంచుకుంటారు. ‘నీ చేతిరాత బాగుంటది’ అనేది మన కాలేజీల్లో ఆడపిల్లను మిషన్‌కు దూరంగా కూర్చోబెట్టే మర్యాదైన పద్ధతి.

రీడింగుల కాయితం సంగతి మాత్రం రాజీ పడొద్దని నా మనవి. పెన్నుతోనే రాయాలి. కార్బన్ పెట్టి రెండు ప్రతులు తీయాలి. ల్యాబు దాటకముందే నలుగురూ సంతకం పెట్టి ఒక ప్రతి అక్కడే ఇచ్చిపోవాలి. రిపోర్టుకు రెండోది జత చేయాలి. కొట్టివేత ఉంటే ఉండనివ్వండి, అడ్డగీత కొట్టి పక్కన పొట్టి సంతకం చేస్తే చాలు. ఖమ్మం మిర్చి మార్కెట్‌లో కాంటా పెట్టినప్పుడు రైతు, కొనేవాడు ఇద్దరూ తూకం వైపు చూస్తూ నిలబడతారు, చీటీ అక్కడే రాస్తారు. ఇంటికెళ్లి తూకం ఫెయిర్ చేసుకురమ్మని ఎవరూ అనరు.

నలుగురికీ ఒకే అభిప్రాయం కుదరకపోతే? కుదరక్కర్లేదు. రిపోర్టు చివర ‘ఒప్పుకోనివి’ అని ఒక పేరా ఉంచండి. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు చనిపోయారు. విచారణ కమిషన్‌లో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన మాటలు చేర్చకపోతే నివేదికలోంచి తన పేరు తీసేయమన్నాడు. చివరికి వాటిని అనుబంధంగా అచ్చేశారు. నౌక విఫలమయ్యే అవకాశం లక్షలో ఒకటని యాజమాన్యం, వందలో ఒకటని పనిచేసే ఇంజనీర్లు అనుకుంటున్నారని, అంత తేడా ఎట్లా వచ్చిందని ఆయన అందులో అడిగాడు. ఈరోజు ఆ నివేదిక పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది ఆ అనుబంధమే. మేస్త్రీ కొడుక్కి కూడా అలాంటి ఒక పేరా కావాలి. ముగ్గురూ మిషన్ తప్పన్నప్పుడు, కాదు ముఖం తప్పని తన పేరుతో రాసుకోగలగాలి.

మా దగ్గర అన్నిటికంటే పెద్ద చిక్కు భాష. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్ల బడిలో తెలుగు నేర్చుకుంటుంది, కాలేజీకి రాగానే ఇంగ్లిషులో రికార్డు రాయమంటారు. సొంతంగా ఒక్క వాక్యం రాస్తే తప్పు పోతుందన్న భయంతో సీనియర్ వాక్యాన్ని పట్టుకుంటుంది. దించితే తప్పులుండవు. బ్యాచ్‌లో మాత్రం ఆ పిల్ల తెలుగులో బ్రహ్మాండంగా వాదిస్తుంది. కాబట్టి మొదటి చిత్తు తెలుగులోనే రాసుకోనివ్వండి, కలగాపులగంగా ఉన్నా పరవాలేదు. ‘లోడు పెంచుతుంటే 500 దగ్గర చిటపట చప్పుడైంది, పక్కన పెళ్ల ఊడింది’ అని ముందు రాయనివ్వండి. తర్వాత నలుగురూ కూర్చుని దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చుకుంటారు. ఆ కుస్తీలో వచ్చే ఇంగ్లిషు వాళ్ల సొంతం అవుతుంది, ఇంటర్వ్యూలో పనికొచ్చేది కూడా అదే. 2021-22 నుంచి ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగు చెప్పడానికి ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. మొత్తం కోర్సు తెలుగులో నడపమని నేను అడగడం లేదు. చిత్తు కాయితం ఒక్కటి చాలు.

ఈ చిత్తును కూడా రిపోర్టుతోపాటు తీసుకోండి. ఒకరు నీలం ఇంకుతో రాస్తే ఇంకొకరు ఆకుపచ్చ ఇంకుతో దిద్దాలి. ఎవరు ఎవరి వాక్యాన్ని ఎట్లా మార్చారో లెక్చరరుకు కనపడుతుంది. చాట్‌జీపీటీకి అప్పజెప్పి రాయించుకొస్తారన్న భయం ఈమధ్య అందరికీ పట్టుకుంది. ఆ రోజు మీ ల్యాబులో ఏ క్యూబు ఎటు తిరిగి ఉందో దానికి తెలియదు, ఆకుపచ్చ ఇంకు దిద్దుబాట్లు దానికి రావు.

సెమిస్టరు చివరి పరీక్షను ఏమీ కదిలించనక్కర్లేదు. చీటీ తీసి ఎవరి ప్రయోగం వాళ్లు చేయడం అక్కడ సబబే. బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు ‘రికార్డులేవి?’ అంటే బ్యాచ్ రిపోర్టుల కట్ట చూపించండి. మొదటి ఏడాది కొంత గొణుగుతారు.

చివరిగా, అసలు దీన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ టైంటేబుల్. కలిసి రాయమని చెప్పి ఇంటికి పంపిస్తే కలిసి రాయడం జరగదు. హాస్టల్లో ఉండేవాళ్లకు రాత్రి పది దాకా వీలుంటుంది. మా ఏన్కూరు, జూలూరుపాడు వైపు పిల్లలకు ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడంతో హాస్టల్ ఫీజు మిగుల్చుకుని రోజూ ఇంటి నుంచే వెళ్లివచ్చే ఆడపిల్లలు మా వైపు కనిపిస్తున్నారు. ల్యాబు వదలగానే బస్టాండుకు పరుగెత్తాల్సిన పిల్ల ఆ నలుగురిలో ఉంటే, రిపోర్టు రాసేది మిగతా ముగ్గురే. ఆమె పేరు కింద సంతకం ఒక్కటే మిగులుతుంది. అందుకని మూడు గంటల ల్యాబులో చివరి ముప్పావు గంట మిషన్లు ఆపించి, రాత అక్కడే జరిగేలా టైంటేబుల్లోనే రాయించండి. ప్రయోగాల జాబితాలో రెండు మూడు తగ్గినా ఫరవాలేదు. ముందుగా రాక్ మెకానిక్స్ ల్యాబు ఒక్కదాంట్లో, ఒక్క సెమిస్టరు. జూనియర్లు దించితే వెంటనే తెలిసిపోయేలా ఆ రిపోర్టులను లైబ్రరీలో అందరికీ కనిపించేలా పెట్టండి. నా మటుకు నేను ఒకరోజు బస్సెక్కి వచ్చి చదువుతాను.

ఇట్లు,
ఏన్కూరు నుంచి ఒక సివిల్ ఇంజనీరు